కాలువగట్టు నడక బాట, పార్కులో వనసమారాధనలు: నిర్వహణపై మీ అనుభవం చెప్పండి

గట్టునడక (పశ్చిమ డెల్టా)

సభ్యులందరికీ నమస్కారం. మాది గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువను ఆనుకుని పెరిగిన చిన్న పట్టణం. నేను బడిపంతులుగా పదవీ విరమణ చేసిన ఏడాదికే మా పేట పార్కు సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. ఖాళీగా ఉన్న మనిషి కనబడితే సంఘాలు ఊరుకోవు కదా. మా అజమాయిషీలో ఉన్నవి రెండు. ఒకటి, లేఅవుట్ వేసినప్పుడు వదిలిన ఎకరంన్నర పార్కు. అందులో ఒక మూల చిన్న చెరువు, నడుమ ఒక ఉసిరి చెట్టు, తూర్పున పిల్లల ఊయలలు, పడమట వాలీబాల్ ఆడుకునే ఖాళీ స్థలం ఉన్నాయి. రెండవది, పార్కు వెనక గేటు నుంచి లాకుల దాకా కాలువగట్టు మీద వేసిన కిలోమీటరున్నర నడక బాట.

నాలుగేళ్ళ క్రితం బాటకు సిమెంటు టైల్స్ పరిచి, కాలువ వైపు బెంచీలు కట్టి, దీపస్తంభాలు నిలబెట్టి ఘనంగా ప్రారంభోత్సవం చేశారు. ఆనాటి శిలాఫలకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు, చెదిరినవన్నీ మిగతావే. పోయిన వేసవిలో కాలువకు నీరు కట్టేశాక పూడిక తీయడానికి వచ్చిన ప్రొక్లెయినర్ ఆరు బెంచీలను విరగగొట్టింది. దాని బరువుకు టైల్స్ చాలాచోట్ల జానెడు లోతుకు దిగిపోయాయి. తీసిన పూడికను బాట మీదే పోయడం వల్ల అది వానలకు బురదై, రెండు నెలల పాటు ఎవరూ అటు అడుగు పెట్టలేకపోయారు.

కార్తికంలో మరొక కష్టం వచ్చింది. ఆ నెలలో పార్కులో పదకొండు వనసమారాధనలు జరిగాయి. ఉసిరి చెట్టు నీడన భోజనం చేయడం ఆచారం. వంట కూడా దాని కిందే చేయాలని ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, గాడిపొయ్యిలు చెట్టు మొదలుకు మూడడుగుల దూరంలో తవ్వారు. ఇప్పుడు ఆ చెట్టు తూర్పు వైపు సగం ఎండిపోయి కనిపిస్తోంది. దీనితో పేటలో రెండు వర్గాలయ్యాయి. ఇకపై ఏ వేడుకకూ గేటు తీయరాదని ఒక వర్గం, పార్కు ఉన్నదే పదిమంది కూడడానికని మరొక వర్గం. మాకు ఇంటింటి చందా తప్ప ఆదాయం లేదు. అది తోటమాలి జీతానికే చాలదు. వచ్చే నెలలో సర్వసభ్య సమావేశం ఉంది. ఇటువంటివి నడిపిన అనుభవం ఉన్నవారు దారి చూపమని ప్రార్థన.

పాత లస్కరు (నరసాపురం కాలువ)

మాస్టారూ, కాలువల మీద లస్కరుగా, అంటే గట్లను, నీటిని కనిపెట్టుకుని ఉండే పనివాడిగా ముప్పై ఏళ్ళు పనిచేసినవాడిని కనుక గట్టు సంగతి వరకు చెబుతాను. ఉసిరి చెట్టు సంగతి తెలిసినవారు చెబుతారు.

దాళ్వా (రబీ) పంట గట్టెక్కాక వేసవిలో కాలువలకు నీరు కట్టేసి, సార్వా (ఖరీఫ్) నారుమళ్ళ కోసం జూన్‌లో తిరిగి వదులుతారు. పూడిక తీయడం, లాకుల తలుపుల మరమ్మతు, గుర్రపుడెక్క తొలగింపు, బలహీనమైన చోట గట్టు కట్టడం, ఇవన్నీ ఆ కొద్ది వారాలలో ముగియాలి. ఆ తొందరలో యంత్రం నడిపేవాడు బెంచీని చూసి ఆగడు. తప్పు అతనిది కాదు, బెంచీని కాలువ వైపు కట్టినవారిది. ప్రొక్లెయినర్ గట్టు మీదే నిలబడి చెయ్యి చాచి పూడిక తీస్తుంది కాబట్టి దానికి పన్నెండు అడుగుల వెడల్పు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. కూర్చునే బల్లలు, దీపస్తంభాలు, చెత్తడబ్బాలు అన్నీ గట్టుకు బయటి అంచున, అంటే పొలం వైపు ఉండాలి. కాలువ వైపు కంచె తప్పదనుకుంటే బోల్టులు విప్పి తీయగలిగేది పెట్టుకోండి.

టైల్స్ విషయంలో మీరు మళ్ళీ డబ్బు పోయవద్దు. గట్టు పోసిన మట్టి. పైగా మనది ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నల్లరేగడి. దాని మీద టైలు ఎంత సమంగా పరిచినా రెండేళ్ళకు అలలు తేలుతుంది. గ్రావెల్ వేసి, పైన సన్నని క్రషర్ డస్ట్ పరిచి, తడిపి రోలరు తిప్పండి. నడిమి కొంచెం ఎత్తుగా, నీరు పొలం వైపుకు జారేటట్టు వాలు ఉండాలి. యంత్రం వచ్చి పాడుచేసినా ఒక ట్రాక్టరుతో, ఒక రోలరుతో రెండు రోజుల్లో మళ్ళీ బాట అవుతుంది.

గట్టు వాలు మీద చెట్లు నాటవద్దు. ఈ మాట చెబితే అందరికీ కోపం వస్తుంది. చెట్టు బ్రతికి ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. చచ్చిన తరువాత వేరు కుళ్ళి లోపల గొట్టం లాంటి దారి మిగులుతుంది. ఎలుకలు, పీతలు చేసే బొరియలకు అది తోడైతే నీరు ఆ దారినే ఊరుతుంది. ఊట చిన్నదిగా మొదలై తెల్లవారేసరికి గండి కావడం నేను కళ్ళారా చూశాను. తుఫానుకు చెట్టు కూలితే వేళ్ళతో పాటు గట్టు ముక్క కూడా లేచిపోతుంది. వాలుకు గరిక చాలు.

పడవలు తిరిగే రోజులలో గాలి లేనప్పుడు మనుషులు తాళ్ళతో పడవలను లాగుతూ ఈ గట్ల మీదే నడిచేవారు. కనుక గట్టు మీద నడక మనకు కొత్త కాదు. అయితే గట్టు మొదట నీటిది, ఆ తరువాతే మనది. జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని ఇప్పుడే కలిసి, పూడిక పని అంచనా తయారయ్యే ముందే, తీసిన మట్టి ఎక్కడ పోయాలో అందులో రాయించండి. పని మొదలైన తరువాత అడిగితే గుత్తేదారు తన కాగితం చూపిస్తాడు.

తెల్లవారుజాము

నేను రోజూ ఉదయం ఐదింటికి నడిచే మనిషిని. మా ఊళ్ళోనూ ఇటువంటి గట్టు బాటే ఉంది. బాట గతుకుగా ఉందని నడక మానుకున్న స్త్రీని నేను చూడలేదు. చీకటిగా ఉందని మానుకున్నవారు ఇరవై మంది నాకు తెలుసు. గట్టునడక గారు స్తంభాలు ఉన్నాయని రాశారు, వాటిలో ఎన్ని వెలుగుతున్నాయో రాయలేదు.

మా దగ్గర జరిగింది చెబుతాను. పదిహేను దీపాలలో తొమ్మిది పోయిన తరువాత ఆడవాళ్ళు రావడం మానేశారు. జనం పలచబడగానే పేకాట వాళ్ళు, సీసాల వాళ్ళు చేరారు. వాళ్ళు చేరారు కనుక పిల్లలను పంపడం మానేశారు. చివరకు ఆ బాట ఎవరికీ అక్కరలేదు కాబట్టి మరమ్మతు అనవసరమని తేల్చారు. మేము కొందరం కలిసి లైన్‌మన్‌ను బతిమాలి దీపాలు వేయించుకున్నాము. ఒక్కొక్క స్తంభానికి తెల్లరంగుతో సంఖ్య రాయించాము. ఇప్పుడు "ఏడో నంబరు వెలగడం లేదు" అని ఫోనులో చెబితే సరిపోతుంది. అంతకుముందు "రావిచెట్టు దాటాక రెండోది" అని చెప్పి వేరే స్తంభానికి మనిషిని పంపిన సందర్భాలు ఉన్నాయి.

పొదలను నడుము ఎత్తు దాటనివ్వకండి, అవతల ఎవరున్నారో కనిపించాలి. మరుగుదొడ్డి కట్టడం కన్నా దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తేల్చడం కష్టం. మా పార్కులో మరుగుదొడ్డి ఉంది. ఉదయం ఎనిమిదింటికి తోటమాలి వస్తేనే తెరుచుకుంటుంది, మేము ఆరున్నరకే ఇళ్ళకు వెళ్ళిపోతాము.

కడియం తోట

మాస్టారు గారూ, తొందరపడి ఉసిరి చెట్టును కొట్టించకండి. మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చడం ఉసిరికి సహజం. చైత్రం నాటికి కొత్త చిగురుతో పాటే పూత కూడా వస్తుంది. కనుక ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఎండులో కాలిపోయినది ఎంతో, ఆకు రాల్చినది ఎంతో చూసి తేల్చుకోవాలి. తూర్పు వైపు కొమ్మల మీద అక్కడక్కడ గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బ్రతికే ఉంది; గోధుమరంగులో పొడిగా ఉంటే పోయింది. అయినా చిగురు వేసే దాకా ఆగి, వేయని కొమ్మలను మాత్రమే మొదలుకంటా కోయించండి.

పొయ్యి వేడి ఆకును కాల్చినందువల్ల చెట్టు చావదు. బెరడు కింద ఉండే పలుచని జీవపు పొర ఉడికిపోతే అటువైపు ఆహారం దిగడం ఆగిపోతుంది. గాడిపొయ్యి తవ్వేటప్పుడు తెగిన వేళ్ళు రెండో దెబ్బ. గాడిని బూడిదతో పూడ్చి ఉంటే దానిని తోడేసి, మంచి మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. కొమ్మల నీడ పడినంత మేర చుట్టూ తక్కువ ఎత్తు కంచె వేయండి. దీపం పెట్టి ప్రదక్షిణ చేసేవారికి కంచె బయట అరుగు కడితే ఆచారానికీ లోటు ఉండదు.

పార్కులో కొత్తగా నాటేవాటి గురించి రెండు మాటలు. మా నర్సరీకి వచ్చే సంఘాల వారు చాలామంది త్వరగా పెరిగేది ఇవ్వమని అడుగుతారు. త్వరగా పెరిగిన నిద్రగన్నేరు, తురాయి తుఫానుకు అంతే త్వరగా విరుగుతాయి. 1996 నవంబరు తుఫాను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు జోలికి పోవద్దు, 2023లో గుజరాత్ ప్రభుత్వం దానిని నాటడమే నిషేధించింది. కానుగ, గంగరావి, పొన్న, నేరేడు మన నేలకు అలవాటుపడినవి. చెరువు ఒడ్డున తెల్లమద్ది బాగుంటుంది. ఊయలల దగ్గర కొబ్బరి పెట్టకండి, కాయ ఎవరి నెత్తిన పడుతుందో చెట్టుకు తెలియదు.

మన ప్రాంతంలో మొక్క రెండు విధాలుగా చస్తుంది: ఆగస్టు నుంచి అక్టోబరు వరకు మొదట్లో నీరు నిలిచి, మే నెలలో కాలువ కట్టేసినప్పుడు నీరు దొరకక. మొదటిదానికి రెండడుగుల దిబ్బ పోసి దాని మీద నాటడమే మందు. రెండోదానికి, కాలువ కట్టేసే ముందే మీ చెరువు నింపుకోండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరునీరు ఉప్పన కనుక, అది మొక్కకు పోసే ముందు ఒకసారి నాలుక మీద వేసుకుని చూడటం మంచిది.

చట్టం చదువరి (కాకినాడ)

మీ సంఘంలో జరుగుతున్న వాదనకు ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఆ ఎకరంన్నర ఎవరిది? లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలాన్ని యజమాని స్థానిక సంస్థకు రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా అప్పగించాలి. 2017 నాటి లేఅవుట్ నిబంధనలు అందుకు కనీసం 10 శాతం విడవమన్నాయి. అలా అప్పగించి ఉంటే స్థలం పురపాలక సంఘానిది, మీరు దాని బాగోగులు చూసే సంఘం మాత్రమే. అప్పుడు అద్దె నిర్ణయించే అధికారం మీకు దానంతట అదే రాదు. రాతపూర్వకమైన నిర్వహణ ఒప్పందం ఉండాలి. అప్పగింతే జరగకపోతే పరిస్థితి ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే పాతికేళ్ళ తరువాత వారసుడొకరు వచ్చి అది ఖాళీ ప్లాటు అంటాడు.

పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ ప్రదేశాల పరిరక్షణకు మన రాష్ట్రంలో 1975 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణల గురించి, ముఖ్యంగా పూడ్చేసిన చెరువు గురించి, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో మరింత గట్టిగా చెప్పింది. మీ దానపత్రం కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి; లేఅవుట్ ఆమోదపు నకలు, ఆమోదించిన ప్లాను కూడా అందులోనే అడగండి.

వేడుకల విషయానికి వస్తే, 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, అంటే ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేంత శబ్దం. వంద మందికి మించి గుమికూడే కార్యక్రమానికి మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేసి, చెత్తను వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. రావులపాలెం అరటి మార్కెట్టు ఉన్న సీమలో భోజనానికి ప్లాస్టిక్ పళ్ళెం వెతుక్కోవడం చట్టం సంగతి అటుంచి చూసినా సిగ్గుచేటు.

గట్టునడక (పశ్చిమ డెల్టా)

అందరికీ కృతజ్ఞతలు. ఉసిరి కొమ్మలు ఎనిమిది చోట్ల గీకి చూశాను. ఐదింటిలో పచ్చగానే ఉంది. చదువరి గారి ప్రశ్న మాత్రం నన్ను ఇబ్బందిలో పడేసింది. సంఘం పెట్టెలో చందా రసీదులు, ప్రారంభోత్సవపు ఫొటోలు ఉన్నాయి కానీ దానపత్రం లేదు. దరఖాస్తు పెట్టాను. తెల్లవారుజాము గారు అడిగినట్టు దీపాలు కూడా లెక్కపెట్టాను: ఇరవై రెండింటిలో వెలుగుతున్నవి పదమూడు. ఇన్నాళ్ళూ నేను నడిచేది తెల్లవారిన తరువాత కనుక ఈ సంగతి గమనించలేదు.

సాయంత్రం సర్వీసు

నేను వాలీబాల్ ఆడే కుర్రవాళ్ళ తరఫున రాస్తున్నాను. పార్కు గురించి పెద్దలు మాట్లాడినప్పుడు నడిచేవాళ్ళు, వండుకునేవాళ్ళు కనిపిస్తారు. రోజూ సాయంత్రం రెండు గంటలు ఆడే ముప్పై మంది ఎందుకో కనిపించరు. ప్రతి వేడుకకూ షామియానా గుంజలు పాతేది మా కోర్టులోనే. గుంజ తీసిన గుంటను ఎవరూ పూడ్చరు. మా జట్టులో ఒకతని చీలమండ ఆ గుంటలోనే మెలిపడి మూడు నెలలు కాలు కదపలేకపోయాడు. సంక్రాంతికి మా ఊరి మైదానాన్ని చదును చేసి కోడిపందేల బరి చేస్తారు, మూడు రోజుల తరువాత సీసా పెంకులు ఏరుకునేది మేమే. పందేలు చట్టవిరుద్ధమని అందరికీ తెలిసినా మైదానం మాత్రం ఏటా వాళ్ళకే దొరుకుతుంది.

మీ సమావేశంలో ఒక నియమం పెట్టించండి మాస్టారూ: ఆడుకునే చోట గుంజ పాతకూడదు. ఇసుక నింపిన డబ్బాలకు, సిమెంటు దిమ్మలకు తాళ్ళు కట్టి కూడా షామియానా నిలబెట్టవచ్చు. మా కుర్రవాళ్ళు వారానికి ఒకరోజు పార్కులో పని చేయమంటే చేస్తారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మొసలపల్లి పక్కవాడు (కోనసీమ)

వేడుకలే వద్దనే వర్గానికి మా జగ్గన్నతోట చూపించాలని ఉంది. కనుమ రోజున పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన చట్రాలు) ఆ కొబ్బరితోటకు వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువను దాటి వస్తుంటే నీళ్ళలో భుజాల మీద మోసేవారిని చూడటానికే వేలమంది గట్టుకు చేరతారు. దారిలో పచ్చని చేను తొక్కుకుంటూ వెళ్ళినా రైతు ఏమీ అనడు, అది శుభమనుకుంటాడు. మరునాడు చూస్తే అది మళ్ళీ మామూలు కొబ్బరితోటే. ఏడాదంతా ఖాళీగా ఉండే కల్యాణమండపం ఒకటి అక్కడ వెలియలేదు.

ఇది ఎలా సాగుతోందంటే, ఏ ఊరి ప్రభకు ఆ ఊరే పూచీ. ఏ ప్రభ ఏ దారిన రావాలో, తోటలో ఎక్కడ నిలవాలో ముందే తెలుసు. మీ పార్కుకు కూడా అదే అడగండి: ఏ వేడుకకు ఎవరు పూచీ, ఏ దారిన రావాలి, ఏ దారిన పోవాలి. దారి మాట ఎందుకు అంటున్నానంటే, 2015 పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. జనమంతా ఒకే ఘాటుకు ఒకే ద్వారం దగ్గర చేరితే ఏమవుతుందో గోదావరి జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. మీ పార్కుకు వెనక గేటు ఉందని రాశారు. వేడుకనాడు దానికి తాళం వేస్తారా, తీస్తారా?

పద్దుల పుస్తకం

పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి దిగినవాడిని. పైన ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి చెప్పక తప్పదు. మన జిల్లాలలో కార్తిక వనసమారాధన చాలావరకు కులం వారీగా జరుగుతుంది, ఎన్నికల ఏడాది అయితే దానికి వేదిక, ఉపన్యాసాలు కూడా తోడవుతాయి. పార్కు సంఘం ఒక కులం వారికి ఒక ఆదివారం ఇచ్చి మరొకరికి లేదన్న రోజున సంఘం ఉండదు. కనుక తేదీల కేటాయింపు మనుషుల విచక్షణకు వదలకండి. ఒక పుస్తకం పెట్టండి, ఆశ్వయుజ మాసం మొదటి రోజున తెరవండి, ముందు వచ్చినవారికి ముందు తేదీ. ఒక ఆదివారానికి ఒకటే వేడుక. నెలలో ఒక ఆదివారం ఎవరికీ ఇవ్వకుండా పార్కుకే వదిలేయండి.

అద్దె కన్నా డిపాజిట్ మంచిదని నా అనుభవం. అద్దె కట్టినవాడు "డబ్బిచ్చాను కదా" అని చెత్త వదిలేసి పోతాడు. డిపాజిట్ కట్టినవాడు దానిని తిరిగి తీసుకోవడానికైనా ఊడ్పించి పోతాడు. మా పంచాయతీలో అద్దె ఉన్నప్పుడు మరునాడు రెండు ట్రాక్టర్ల చెత్త ఎత్తేవాళ్ళము. డిపాజిట్ పెట్టిన తరువాత పూర్తిగా మానలేదు కానీ ఒక బండికి తగ్గింది. వేడుకకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఇరుపక్షాలూ కలిసి నడిచి చూసి సంతకాలు చేయాలి. గుంటలు, కొమ్మలు, కుళాయిలు అప్పుడే రాసుకోవాలి. మరునాడు చూద్దామంటే ఎవరూ రారు.

చందా సంగతి కూడా చెబుతాను. ప్రతి నెలా జమాఖర్చు గేటు దగ్గర అంటించండి. తోటమాలి జీతం, కరెంటు, గొట్టం కొన్న ఖర్చు, అన్నీ. మా ఊళ్ళో అది అంటించిన మూడో నెల నుంచి, అంతవరకు ఇవ్వని ఇళ్ళలో కొన్ని ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇవ్వనివారి పేర్లు మాత్రం అంటించకండి, అది మరో తగాదా.

పాత లస్కరు (నరసాపురం కాలువ)

ఒక మాట మరిచాను. మీ వనసమారాధనల వాళ్ళు గంగాళాలు ఎక్కడ కడుగుతున్నారు? డెల్టాలో చాలా ఊళ్ళ మంచినీటి చెరువులు ఈ కాలువ నుంచే నిండుతాయి. మీ పార్కు తూముకు ఎగువన ఉందో దిగువన ఉందో చూసుకోండి. ఎగువన అయితే కాలువలో ఒక్క మెతుకు పడటానికి వీల్లేదు. దిగువన అయినా కింద మరో ఊరు ఉంటుంది. కుళాయి దగ్గర సిమెంటు గచ్చు, దాని పక్కన ఇంకుడు గుంట తవ్వించండి.

తెల్లవారుజాము

పద్దుల పుస్తకం గారితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, డిపాజిట్ ఎంత అన్నది తేల్చేటప్పుడు కాలువ అవతలి కాలనీ వారిని తలచుకోండి. మా ఊళ్ళో అయిదు వేలు అన్నారు. పెద్ద సంఘాలకు అది లెక్కే కాదు. చీటీల గుంపులోని ఆడవాళ్ళు పాతికమంది ఏడాదికి ఒకసారి కూర్చుని పులిహోర తినడానికి అయిదు వేలు ఎక్కడ తెస్తారు? యాభైమందికి లోపు, మైకు లేకుండా, పొయ్యి లేకుండా, ఇంటి నుంచి వండి తెచ్చుకుంటే డిపాజిట్ వద్దనండి. వాళ్ళ వల్ల ఏ పార్కూ పాడుకాలేదు.

గట్టునడక (పశ్చిమ డెల్టా)

సమావేశం నిన్న సాయంత్రం జరిగింది. మూడు గంటలు పట్టింది. అందులో గంట శిలాఫలకం మీద ఎవరి పేరు లేదన్న దానికే పోయింది.

వేడుకలు పూర్తిగా వద్దన్న ప్రతిపాదన వీగిపోయింది. పుస్తకం, ఆదివారానికి ఒకటే వేడుక, ముందూ వెనకా కలిసి నడిచి సంతకాలు చేయడం అంగీకరించారు. యాభైమంది లోపు చిన్న కూడికలకు డిపాజిట్ లేదు. ఈ సవరణను నేను ఈ వేదిక నుంచే తీసుకున్నానని చెప్పాను. వంట ఇకపై పడమటి గోడ పక్కన సిమెంటు అరుగు మీదే; దాని పక్కనే గచ్చు, ఇంకుడు గుంట. మేము తూముకు ఎగువనే ఉన్నామని తెలిసిన తరువాత దీనిపై వాదన రాలేదు. వేడుకనాడు వెనక గేటుకు తాళం వేయరాదు, అక్కడ నిర్వాహకుల మనిషి ఒకరు నిలబడాలి. ఆటస్థలంలో గుంజలు పాతరాదన్న నియమానికి షామియానా కొట్టు నడిపే సభ్యుడొకరు గట్టిగా అడ్డుపడ్డారు. దిమ్మలు మోయడానికి అదనపు కూలి ఎవరిస్తారని ఆయన ప్రశ్న. దానిని తేల్చలేక వచ్చే సమావేశానికి వాయిదా వేశాము. సాయంత్రం సర్వీసు గారు క్షమించాలి. మా ఊరి కుర్రవాళ్ళను ఇద్దరిని మాత్రం సంఘంలోకి తీసుకున్నాము.

ఉదయం నాలుగున్నరకు గేటు, మరుగుదొడ్డి తీయడానికి పాలు పోసే ఆవిడ ఒప్పుకున్నారు. ఆమె ఎలాగూ ఆ వేళకు అటే వెళతారు. నెలకు కొంత ఇవ్వాలని నిర్ణయించాము. స్తంభాలకు సంఖ్యలు రాశాము. టైల్స్ మళ్ళీ పరవడం లేదు. దానపత్రం సంగతి ఇంకా తెలియలేదు. దరఖాస్తు పెట్టి పంతొమ్మిది రోజులైంది. ఏఈ గారిని కలిశాను, పూడికను పొలం వైపు పోయించే మాట అంచనాలో రాస్తామన్నారు.

పాత లస్కరు (నరసాపురం కాలువ)

రాసిన కాగితం నకలు తీసుకోండి మాస్టారూ. కాలువ కట్టే తేదీ ప్రకటించిన మరునాడే మిగిలిన బెంచీలను గట్టు మీద నుంచి దింపించి, బాట అంచుకు ఎర్రరంగు వేసిన కర్రలు పాతించండి. యంత్రం నడిపే అబ్బాయికి మొదటి రోజు మీరే ఎదురు వెళ్ళి, టీ ఇప్పించి, ఆ కర్రలు చూపించండి.